80 ట్రోంబోన్లూ, మా బాబాయీ!

టైటిల్స్ అయిపోయాక హాల్లో అడుగుపెట్టే బాపతు కాదు నేను. సంగీతం ఎవరు, సహకారం ఎవరు... అన్నీ చదవాల్సిందే! ఆ పిచ్చే నన్ను హెన్రీ బ్రాంట్ దగ్గరికి లాక్కెళ్లింది. ఎలిజబెత్ టేలర్ నటించిన 'క్లియోపాత్రా' (1963) పేరు వినే ఉంటారు. దానికి సంగీతం ఎలెక్స్ నార్త్. ఆయన కట్టిన బాణీల్లో ఏ వాద్యం ఎక్కడ పలకాలో రాసిచ్చినవారిలో బ్రాంట్ ఒకరు.

సినిమాలకు తెరవెనుక పనిచేసిన ఆ మనిషి తన సొంతానికి రాసుకున్న సంగీతం ఎలాంటిదో తెలుసా? 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ మేరీస్ కెథడ్రల్లో తొలిసారి వినిపించిన 'ఆర్బిట్స్' సంగతే చూడండి. వాద్యాలేమిటంటారా? అక్షరాలా 80 ట్రోంబోన్లు! తోడుగా ఒక ఆర్గాన్, ఒక స్త్రీ కంఠం. అంతే!

ట్రోంబోన్ అంటే పెళ్లి బ్యాండులో గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి బాకా. మా బాబాయి ఇరవయ్యేళ్లు ఊదింది అదే. అందుకే ఆశగా రికార్డింగు వెతికి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నిజం చెప్పొద్దూ, హైవే మీద లారీలన్నీ ఒక్కసారి హారన్ కొట్టినట్టుంది! సగంలో ఆపేశాను.

తర్వాత చదివితే తెలిసింది, తప్పు నాదేనని. బ్రాంట్ 1950ల నుంచీ వాద్యకారులను వేదిక మీద ఒకచోట కూర్చోబెట్టకుండా హాలంతా విడదీసి నిలబెట్టేవాడు. ఏ శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందన్నదే ఆయనకు రాగమంత ముఖ్యం. 70 ఎం.ఎం. బొమ్మను సెల్‌ఫోన్‌లో చూసి బాగాలేదంటే ఎలా?

వాయించేవాళ్ల అవస్థ ఇంకా పెద్దది. ట్రోంబోన్ గొట్టం మీద స్వరస్థానాలకు గుర్తులుండవు, చెవితోనే పట్టుకోవాలి. చుట్టూ అంతమంది వేర్వేరుగా ఊదుతుంటే తన స్వరం తనకే వినపడదు! పైగా శబ్దం సెకనుకు నడిచేది సుమారు 340 మీటర్లే. 34 మీటర్ల అవతలివాణ్ణి విని అందుకుంటే సెకనులో పదోవంతు వెనకబడిపోయినట్టే.

ఇదంతా బాబాయికి చెప్పి, వినిపించాను. ఆయన ఇయర్‌ఫోన్లు తీసేసి నవ్వాడు.

"చెవిని నమ్మితే అంతేరా! ఊరేగింపులో నాది ఆఖరి వరస. ముందున్న డ్రమ్ము నా దాకా వచ్చేసరికే ఆలస్యం. అందుకే వినేవాణ్ణి కాదు, మేస్త్రి చెయ్యి చూసి ఊదేవాణ్ణి."

నేను నోరు తెరిచాను. కెథడ్రల్లో ఆ 80 మందికీ దారి అదే. దూరంగా ఉన్న కండక్టర్ చేతిని చూడాలి! పుస్తకాల్లో నేను వెతుక్కున్న సంగతి మా ఇంట్లోనే ఇరవయ్యేళ్లు ఉంది. నేనే ఎప్పుడూ అడగలేదు.

అడగకపోవడమే కాదు. నా పెళ్లికి "మన బ్యాండు కడతాను" అని ఆయన అంటే, స్నేహితుల ముందు నామోషీ అనిపించి డీజేని పెట్టించాను. ఆ రోజు బాబాయి కొత్త చొక్కా వేసుకుని, స్పీకర్లకు దూరంగా ఓ కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత ట్రోంబోన్ అటకెక్కింది.

బ్రాంట్‌కు 2002లో 'ఐస్ ఫీల్డ్' అనే మరో రచనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. 2008లో ఆయన కన్నుమూశాడు. ఆ 80 మంది మధ్య కూర్చుని 'ఆర్బిట్స్' వినే యోగం నాకుందో లేదో!

వచ్చే నెల మా చెల్లెలి పెళ్లి. డీజే వద్దన్నాను. అటక మీది పెట్టె దించి దుమ్ము తుడిచాను. ఇక బాబాయిని అడగాలి. అంతకంటే ముందు, క్షమించమనాలి. మొదటి మాట ఎలా అందుకోవాలో మాత్రం ఏ మేస్త్రీ చెయ్యి ఊపి చెప్పడు కదా!