కందకంలోంచి చూసిన యుద్ధం

చాలా యుద్ధ చరిత్రలు సేనాధిపతి మ్యాపు ముందు నిలబడి మాట్లాడతాయి. జాన్ కీగన్ 1976లో రాసిన 'ది ఫేస్ ఆఫ్ బ్యాటిల్' మాత్రం మనల్ని నేరుగా కందకంలోకి దించేస్తుంది. శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో పాఠాలు చెప్పిన మనిషాయన. తను ఏ యుద్ధంలోనూ లేనని మొదట్లోనే చెప్పేస్తాడు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరు గురించిన అధ్యాయం దాటి ముందుకెళ్లడం కష్టమైంది. బ్రిటిష్ సైన్యం జర్మన్ కందకాల మీద వారం రోజుల పాటు సుమారు 15 లక్షల ఫిరంగి గుండ్లు కురిపించింది. అయినా ముళ్లతీగ చాలాచోట్ల తెగలేదు. లోతుగా తవ్వుకున్న నేలమాళిగల్లో జర్మన్లు బతికే ఉన్నారు. 1916 జులై 1, పొద్దున్న ఏడున్నర. ఫిరంగులు వెనక లైన్ల మీదికి మళ్లాయి. ఇక జర్మన్ కందకం అంచుకు ఎవరు ముందు చేరితే వాళ్లదే ప్రాణం: ఒకవైపు దాదాపు 30 కిలోల బరువు మోస్తూ తీగ దాటాల్సిన బ్రిటిష్ కుర్రాళ్లు, మరోవైపు మెషిన్‌గన్ పట్టుకుని మెట్లెక్కాల్సిన జర్మన్లు.

ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. వాళ్లలో ఎంతోమంది ఒకే ఊళ్లో, ఒకే వీధిలో పెరిగి, కలిసి సైన్యంలో చేరిన స్నేహితులు.

యుద్ధాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి. ట్యాంకులు, విమానాల పుస్తకాలు తర్వాతైనా చదువుకోవచ్చు.