పొద్దుటి మొదటి అడుగు

కోడి కూయక ముందే లేచే అలవాటు మాది. ఆ ఏడు మాత్రం లేవాలంటే భయం పట్టుకుంది. చాప మీంచి లేచి కాలు నేల మీద ఆనించగానే మడమ కింద మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద పొయ్యి దాకా పోయేవాళ్ళం. పది ఇరవై అడుగులు వేశాక కాస్త సర్దుకునేది. కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికే.

మేమంటే ముగ్గురం. పాడేరు కొండల్లో ఆశా కార్యకర్తలం. పక్కపక్క ఊళ్ళ వాళ్ళం, ఒకరికొకరం వదిన, చెల్లెలి వరస. మా ఊళ్ళకు రోడ్డు సగం దాకే వచ్చింది, మిగతాది కాలిబాట. బిడ్డ ఆసుపత్రిలో పుట్టి ఇంటికొస్తే 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళి చూడాలి. జ్వరమని కబురొస్తే రక్తం చుక్క తీయడానికి వెళ్ళాలి. నెలలు నిండిన మనిషిని డోలీలో దింపుతుంటే వెంట నడవాలి. చలికాలం వస్తే సొంత తోటలో కాఫీ పళ్ళు కోసి మూట నెత్తిన పెట్టుకుని దిగాలి. డిసెంబరు కోతలయ్యాక ముగ్గురికీ మడమ పట్టుకుంది. మొదట ఒకరికొకరం చెప్పుకోలేదు. ఊరికి మందులిచ్చే వాళ్ళం, మేమే కుంటితే నవ్వరా?

మా అత్త ఇటుకను పొయ్యిలో కాల్చి, దాని మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించమంది. హాయిగానే ఉండేది, ఆ రాత్రికి. మాలో పెద్దామె మైదానంలోని ఒక ప్రైవేటు క్లినిక్కుకు వెళ్ళింది. ఎక్సరే తీసి, మడమ ఎముక ముల్లులా పెరిగిందని చెప్పి, అక్కడే ఇంజెక్షన్ వేశారు. రెండు వారాల కూలి డబ్బులు పోయాయి. రెండు నెలలు లేడిలా నడిచింది. మూడో నెల నొప్పి తిరిగొచ్చింది. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు పోతే, ఆడవాళ్ళంతా నడుములు పట్టుకుని ధింసా ఆడుతుంటే, మేం ముగ్గురం అరుగు మీద కూర్చుని చూశాం. పెళ్ళయిన నాటి నుంచి మేం ఆడని పండుగ అదొక్కటే.

అంతటితో పోతే ఈ మాటలు రాసే వాళ్ళం కాదు. శ్రావణంలో పై ఊళ్ళో ఒక బిడ్డ పుట్టింది. 7వ రోజు వెళ్ళాం. 14వ రోజు వాన, బురద, పైగా ఆ నొప్పి. రేపు వెళ్దాంలే అనుకున్నాం. ఆ రేపే బిడ్డ పాలు పట్టడం మానేసింది. నాయనమ్మ గొంగడి కప్పి తానే ఎత్తుకుని దిగింది. మేం రోడ్డు దగ్గర ఎదురై ఆసుపత్రికి తీసుకుపోయాం. బిడ్డ బతికింది. నాయనమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ ఆసుపత్రి వరండాలో మా కుంటి నడక ఒక ఫిజియోథెరపీ అమ్మాయి కంట పడింది. కూర్చోబెట్టి, మడమ కింద లోపలి వైపు బొటనవేలితో నొక్కింది. ప్రాణం పోయినంత పనైంది. అదేనంది. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుందట. బరువు మోసి, ఎక్కి, దిగి, అది మడమ దగ్గర దెబ్బతింటుందట. దీని పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. విల్లుకు నారి ఉన్నట్టన్నమాట అంది మాలో చిన్నది. ఆ అమ్మాయి మెచ్చుకుంది. ఎముక ముల్లు నొప్పి లేని వాళ్ళలోనూ కనబడుతుందని, ఇంజెక్షన్లు పదేపదే వేస్తే ఆ పట్టీయే తెగిపోవచ్చని చెప్పింది. నడక తగ్గించమంది. ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. మా ఊళ్ళ సంగతి చెప్పాక ఆమే నవ్వి, పోనీ మూటలైనా తగ్గించండి, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి అంది. అది నిజమే అనిపించింది. మా పాత ఇళ్ళల్లో పేడ అలికిన మట్టి నేల. కొత్త ఇళ్ళకు సిమెంటు గచ్చు, బండలా ఉంటుంది.

నేర్పినవి కొన్నే. నేల మీద కాలు పెట్టక ముందే, కాలు మీద కాలు వేసుకుని, వేళ్ళను చేత్తో ముంగాలి వైపు లాగి పది లెక్కపెట్టాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మోకాలు వంచకుండా, మడమ లేవకుండా పిక్కను సాగదీయాలి. ఇంకొకటి రోజు విడిచి రోజు: మెట్టు అంచున వేళ్ళ కింద తువ్వాలు చుట్ట పెట్టి, ఒంటికాలి మీద మూడు లెక్కలో లేచి, రెండు ఆగి, మూడు లెక్కలో దిగాలి, పన్నెండు సార్లు. ఐసు సీసాను అరికాలి కింద దొర్లించమంది కానీ మాకు ఫ్రిజ్ ఎక్కడిది? గెడ్డ నీళ్ళు నింపిన సీసాను రాత్రి చూరు కింద పెట్టేవాళ్ళం. మా చలికి ఐసుతో పని లేదు.

మూడు వారాలు ఏ మార్పూ లేదు. చిన్నది విసిగి మానేసింది. నొప్పి మందుబిళ్ళ మింగితే పోయేదానికి గోడను తోయడమేమిటని మొగుడు వెక్కిరించాడట. రెండో నెల నిండేసరికి మా ఇద్దరికీ పొద్దుటి మేకు ముల్లుగా మారింది. అది చూసి ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మూటలు మాత్రం ఆ ఏడు మగవాళ్ళే మోశారు. ఊరికే మోయలేదు, గొడవపడితేనే మోశారు.

మరుసటి చైత్రంలో ధింసా ఆడాం. తెల్లారే దాకా కాదు, రెండు పాటలు. చిన్నదానికి ఎడమ మడమ ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఇప్పటికీ గడప మీద లేచి దిగుతూనే ఉంటుంది.

మొన్న పై ఊరికి వెళ్తే ఆ నాయనమ్మ కర్ర పట్టుకుని కనబడింది. మడమ, అంది. అరుగు మీద కూర్చోబెట్టి కాలివేళ్ళు వెనక్కి లాగి చూపించాం. మేం లెక్కపెడుతుంటే, తెలుగులో కాదు మన భాషలో లెక్కపెట్టండి అంది. ఆవిడ మనవరాలు పక్కనే కూర్చుని తన కాలివేళ్ళు తానూ లాక్కుంటోంది.