దస్తావేజులో లేని సామాను

రీసేల్ ఫ్లాటు కొనేవాడు కళ్లతో చూసేది ఒకటి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొనేది ఇంకొకటి. చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగదిలో చిమ్నీ, హాల్లో ఏసీ, బాత్‌రూముల్లో గీజర్లు, పూజగదిలో టేకు మందిరం, బాల్కనీలో తాడు లాగితే కిందికి దిగే బట్టల దండెం, అన్నీ కనబడతాయి. దస్తావేజులో మాత్రం ఫ్లాట్ నంబరు, కామన్ ఏరియాతో కలిపి ఎన్ని చదరపు అడుగులు, స్థలంలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, కారు పార్కింగు, ఆపైన నాలుగు హద్దులు ఉంటాయి. మా దస్తావేజులో మూడు వైపులా ‘ఓపెన్ టు స్కై’, నాలుగో వైపు ‘కారిడార్’. ఆ నాలుగు హద్దుల మధ్య ఏమేం ఉన్నాయో ఒక్క ముక్క లేదు. అడిగి రాయించుకోవాల్సింది నేను. అడగలేదు. అందువల్ల కొంత డబ్బు పోయింది, అది ఎప్పుడో మరిచిపోయాను. ఇద్దరు పెద్దవాళ్లను అనరాని మాట అన్నాను, అది మాత్రం మరుపుకు రావడం లేదు.

ఫ్లాటు హైదరాబాదులో, కూకట్‌పల్లి వైపు. అమ్మేవాళ్లు రిటైరైన లెక్చరరుగారు, ఆయన భార్య. అబ్బాయి దగ్గర ఉండడానికి బెంగళూరు వెళ్లిపోతున్నారు. ఇల్లు చూపించిన మధ్యవర్తి గుమ్మంలోనే చెప్పాడు: “సెమీ ఫర్నిష్డ్ సార్. మీరు బట్టలు సర్దుకుని వచ్చేయడమే.” ఆ మాట పట్టుకుని నేను లోలోపల లెక్క వేసుకున్నాను. వాళ్లు చెప్పిన ధరకీ నేను ఇవ్వగలిగిన ధరకీ మధ్య ఉన్న తేడాను ఏసీలతో, గీజర్లతో, చిమ్నీతో పూడ్చుకున్నాను. ఇవన్నీ కొత్తవి కొనాలంటే ఎంతవుతుంది, ఆ డబ్బు మిగిలినట్టే కదా అనుకుని ధరకు ఒప్పుకున్నాను. ఆ లెక్క నా తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

నోరు తెరిచి ఎందుకు అడగలేదంటే, మొహమాటం. ఆవిడ మాకు కాఫీ ఇచ్చారు. నా భార్యను “అమ్మాయ్” అని పిలిచి, ఏ కిటికీలోంచి గాలి బాగా వస్తుందో, ఏ కుళాయి నీళ్లు సన్నగా వస్తాయో దాచుకోకుండా చెప్పారు. అలాంటి మనిషి ముందు “గీజర్లు ఉంచుతారా, తీసుకెళ్తారా?” అనడం చిన్నతనంగా తోచింది. ధర దగ్గర మాత్రం గంటల తరబడి బేరమాడాను, అక్కడ ఏ మొహమాటమూ అడ్డురాలేదు. దీన్ని నేను మర్యాద అనుకున్నాను. కానీ ఎదుటివాళ్లకు తెలియాల్సిన సంగతి వాళ్లకు చెప్పకుండా, మన ఆశను వాళ్ల మీద మోపడం మర్యాద కాదు. వాళ్లకు ఆ ఆశ ఉన్నట్టే తెలియదు కదా!

అగ్రిమెంటు ఆఫ్ సేల్ డాక్యుమెంట్ రైటరు దగ్గర అచ్చయి ఉన్న నమూనా మీదే రాయించాం. లింకు డాక్యుమెంట్లు చూశాం, ఈసీ తీయించాం, లోను వచ్చింది, రిజిస్ట్రేషన్ రోజు మొత్తం సొమ్ము ముట్టజెప్పాం. “ఖాళీ చేయడానికి కొంచెం టైమివ్వండి బాబూ” అని లెక్చరరుగారు అడిగారు. సరేనన్నాం. సొమ్మంతా ఇచ్చేసి తాళాలు తర్వాత తీసుకోవడమన్నది నేను చేసిన రెండో పొరపాటు.

తాళాలు వాచ్‌మన్ దగ్గర తీసుకుని తలుపు తెరిచాం. వంటగదిలో చిమ్నీ లేదు. గోడకు దాని గొట్టం వెళ్లే గుండ్రటి కన్నం తెరిచి ఉంది, దాని చుట్టూ టైల్స్ మీద నూనె జిడ్డు చిమ్నీ ఆకారంలో గీత గీసినట్టు మిగిలింది. దాని కింద నల్ల గ్రానైటులో హాబ్ (రాయిలోకి దించి అమర్చే గ్యాస్ స్టవ్) బిగించిన చోట నలుచదరంగా పెద్ద ఖాళీ. ఆ ఖాళీలోంచి కింది అలమర కనబడుతోంది. తర్వాత గ్రానైటు మేస్త్రీ వచ్చి టేపు పెట్టి చూసి చెప్పాడు: ఒక్కో కంపెనీ హాబ్‌కి ఒక్కో కొలత, ఈ ఖాళీకి సరిగ్గా సరిపోయేది దొరకాలి. చిన్నదైతే లోపలికి జారిపోతుంది, పెద్దదైతే రాయి కోయాలి, కోస్తే సింకు పక్కనున్న సన్నటి పట్టీ పగలొచ్చు. చివరికి పలకే మార్చాం. హాల్లో ఏసీ విప్పినచోట గోడలోంచి వచ్చిన రాగి గొట్టాల్ని అంగుళం కూడా వదలకుండా కోసేశారు. కొత్త ఏసీ పెట్టడానికి వచ్చిన మెకానిక్ గోడ చెక్కి వాటిని బయటికి తీసి అతికించాల్సి వచ్చింది. పూజగదిలో టేకు మందిరం లేదు. పాలరాతి పలక, గోడకు నాలుగు స్క్రూల కన్నాలు ఉన్నాయి. నా భార్య గృహప్రవేశానికి ఆ మందిరంలో ఏ పటం ఎక్కడ పెట్టాలో కూడా అనుకుని ఉంది. ఆ కన్నాలు చూసి ఏమీ మాట్లాడలేదు.

నేను మాట్లాడాను. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. “మా సామాను మేం తెచ్చుకున్నాం బాబూ, తీసుకెళ్తామని ముందే చెప్పాంగా” అన్నారాయన. ఎవరికి చెప్పారు అని కూడా అడగలేదు. “ఇల్లు అమ్మేసి డబ్బు తీసుకుని, గోడకున్నవి పీక్కుపోతే దాన్ని దొంగతనం అంటారు మాస్టారూ” అన్నాను. ఫోను స్పీకరులో ఉన్నట్టుంది, వెనక ఆవిడ ఏదో అనడం వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశారు.

కోపంతో లాయరైన ఒక స్నేహితుడి దగ్గరికి వెళ్లాను. ఆయన దగ్గర నేర్చుకున్నది కొనక ముందు తెలిసి ఉండాల్సింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షను, నేలకు అంటి ఉన్నది ఏదో చెబుతుంది: చెట్లలా వేళ్లూనినవి, గోడలు, భవనాల్లా పాతుకున్నవి, అలా పాతుకున్నదాన్ని శాశ్వతంగా బాగా వాడుకోవడం కోసం దానికి బిగించినవి. ఎనిమిదో సెక్షను ఇంకా దగ్గరికి వస్తుంది. ఇల్లు చేతులు మారితే దాని తాళాలు, తాళంచెవులు, కమ్ములు, తలుపులు, కిటికీలు, ఆ ఇంటితో శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చిన తక్కినవన్నీ కొన్నవాడికి దక్కుతాయి. ఇది వినగానే నాకు ధైర్యం వచ్చింది. కానీ అదే సెక్షను మొదట్లోనే ఒక షరతు ఉంది: పార్టీలు వేరేలా అనుకున్నట్టు స్పష్టంగా గానీ, తప్పనిసరిగా అర్థమయ్యేలా గానీ లేకపోతేనే ఇదంతా. అంటే కాగితం మీద ఒక వాక్యం రాసుకుంటే చట్టం పక్కకు తప్పుకుంటుంది. రాసుకోకపోతే ఏది ‘శాశ్వతం’ అన్న తగువు మిగులుతుంది.

ఆ తగువు తెగేది కాదు. కోర్టులు రెండు సంగతులు చూస్తాయి: వస్తువును ఎంత గట్టిగా బిగించారు, ఎందుకు బిగించారు. 1872లో ఇంగ్లండులో హాలండ్, హాడ్జ్‌సన్ కేసులో మిల్లు నేలకు మేకులతో దిగ్గొట్టిన మగ్గాలు భూమిలో భాగమేనన్నారు. అదే తీర్పులో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ ఒక ఉదాహరణ ఇచ్చాడు: సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్లు గోడ కోసమైతే నేలలో భాగం, అవే రాళ్లు ఇళ్లు కట్టే బిల్డరు ఆవరణలో పేర్చి ఉంటే సరుకు. మన సుప్రీంకోర్టు డంకన్స్ ఇండస్ట్రీస్ కేసులో కాన్పూరు ఎరువుల కర్మాగారం యంత్రాలను స్థిరాస్తిగా లెక్కగట్టి స్టాంపు డ్యూటీ కట్టాలంది. ఈ కొలతతో చూస్తే గ్రానైటు కోసి దించిన హాబ్, గోడలో పూడ్చిన రాగి గొట్టాలు ఇంటివేనని వాదించవచ్చు. ఏసీ పెట్టెలు, గీజర్లు రెండు స్క్రూలు విప్పితే ఊడొస్తాయి, వాటి మీద గెలుస్తానన్న నమ్మకం లేదు. మందిరం ఇంటిది కాదు, ఆవిడది. లాయరు మిత్రుడు ఇంకో మాట కూడా అన్నాడు: ఒప్పందానికీ స్వాధీనానికీ మధ్య ఇంటిని జాగ్రత్తగల యజమానిలా చూసుకోవాల్సిన బాధ్యత 55వ సెక్షను ప్రకారం అమ్మినవాడిదే, కాబట్టి గొట్టాలు కోయడం, గోడకు కన్నాలు వదలడం గురించి నువ్వు అడగవచ్చు. కానీ సివిల్ కోర్టులో కేసు వేస్తే అయ్యే ఖర్చు ఆ సామాను విలువను ఎప్పుడో దాటిపోతుంది.

అసలు సంగతి మధ్యవర్తిని పిలిపిస్తే బయటపడింది. ఫ్యాన్లు, లైట్లు, అలమరలు, కర్టెన్ రాడ్లు ఉంచుతామనీ, ఏసీలు, గీజర్లు, చిమ్నీ, హాబ్, మందిరం తీసుకెళ్తామనీ లెక్చరరుగారు అడ్వాన్సు నాడే అతనికి చెప్పారు. అతను మాకు చెప్పలేదు, చెబితే బేరం చెడుతుందని భయం. రెండు వైపులా కమిషను వచ్చే మనిషి రెండు వైపులా మౌనంగా ఉన్నాడు. అయినా అతని మీద నేరమంతా నెట్టలేను. నేను లెక్చరరుగారిని ఒక్కమాట నేరుగా అడిగి ఉంటే ఆయన నేరుగానే చెప్పేవారు. ఏ కుళాయి సరిగా రాదో కూడా దాచని ఇల్లది. పైగా వాళ్లు ఉంచుతామన్నవన్నీ ఉంచారు. నేను పోయినవే చూశాను. ఫ్యాన్లు తుడిచి మరీ వదిలారని నా భార్య తర్వాత చెప్పింది.

గ్రానైటు పలక ఖర్చు ఇస్తానని ఆయనే కబురు చేశారు. తీసుకున్నాను. క్షమాపణ అప్పుడు చెప్పలేదు, ఇంకా కోపం చల్లారలేదు. చాలాకాలం తర్వాత ఫోన్ చేసి చెప్పాను. “పోనీలే బాబూ, ఇల్లు బాగుందా?” అన్నారు. ఆంటీగారితో మాట్లాడతానంటే, ఆవిడ మాట్లాడలేదు.

ఇప్పుడు ఎవరైనా రీసేల్ ఇల్లు కొంటున్నామంటే నేను పట్టుబట్టి చెప్పేది, అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మేవాళ్లతో కలిసి గది గదీ తిరగమని. ఏది ఉంటుంది, ఏది వెళ్తుంది అని అక్కడే రాసుకోవాలి. ఉంచే ఏసీకి కంపెనీ పేరు, సీరియల్ నంబరు కూడా రాయాలి, లేకపోతే కొత్తది వెళ్లి పాతది గోడకు వస్తుంది. తీసుకెళ్లేవాటికి కన్నాలు పూడ్చడం ఎవరి పని, గొట్టాలు ఎంత పొడవు వదలాలి అన్నది రాయాలి. ఆ కాగితం అగ్రిమెంటుకు జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇంగ్లండులో ఇల్లు అమ్మేవాళ్లు లా సొసైటీవారి టీఏ10 అనే ఫారం నింపుతారు. కర్టెన్ రాడ్లు, తోటలోని మొక్కలు కూడా అందులో ఉంటాయి. లైటు తీసుకెళ్తే ఆ చోట హోల్డరు, బల్బు పెట్టి వెళ్లాలన్నంత వివరం. మనకు అలాంటి ఫారం లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ రోజే తాళాలు తీసుకోవాలి, ఆ ఉదయమే ఇంకోసారి ఇల్లు చూడాలి. మొత్తం సొమ్ము ముట్టిందని దస్తావేజులో రాశాక దేన్నీ పట్టుకుని అడగలేం.

ఒక ప్రలోభం గురించి కూడా చెప్పాలి. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అందుకని “వుడ్‌వర్కుకూ సామానుకూ వేరే కాగితం రాసుకుందాం, దస్తావేజు ధర తగ్గుతుంది” అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. విడిగా ఉన్న ఫ్రిజ్జు, సోఫా, మంచాలకు నిజమైన ధర రాసుకుంటే తప్పులేదు. గోడకు బిగించిన అలమరలను విడి సామానుగా చూపించి లక్షలు దాచితే అది పన్ను ఎగవేత. రేపు తగువొస్తే ఆ కాగితాన్ని బయటపెట్టలేని స్థితి కొన్నవాడిదే. సామాను జాబితా తగువు రాకుండా రాసుకునేది, పన్ను తప్పించుకోవడానికి కాదు.

ఆ తర్వాత తెనాలిలో మా అమ్మ ఉన్న ఇల్లు అమ్మాల్సి వచ్చింది. ఈసారి అమ్మేవాణ్ని నేను. పాత దస్తావేజు తీస్తే మా తాత కొన్ననాటి రాత కనబడింది: నిధి, నిక్షేప, జల, పాషాణాలతో మొదలయ్యే అష్టభోగాలతో సహా ఇస్తున్నట్టు. భూమిలో దాగిన నిధి దాకా ఎవరిదో తేల్చి రాశారు, నేను చిమ్నీ సంగతి రాయించలేకపోయాను.

కొనడానికి వచ్చిన యువ దంపతులు కూడా నాలాగే ఏమీ అడగలేదు. నేనే కాగితం తీసి కూర్చోబెట్టాను. పెరట్లో మామిడిచెట్టు ఇంటిదే, అయితే ఆ ఏటి కాయ మాది, అమ్మ ఆవకాయ పెట్టుకుంటానంది. వాళ్లు నవ్వి ఒప్పుకున్నారు, రాశాం. ఉయ్యాలబల్ల, దాని ఇత్తడి గొలుసులు మేం తీసుకెళ్తాం, దూలానికున్న కొక్కేలు ఉంచుతాం. రుబ్బురోలు పాతుకుని ఉంది కాబట్టి అక్కడే. బోరు మోటారు, స్టార్టరు పెట్టె వాళ్లకే. “దేవుడి గూటి తలుపులు ఉంచుతారా అండీ?” అని ఆ అమ్మాయి మొహమాటపడుతూనే అడిగింది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి ఉంచుతానంది.

అన్ని గదుల తాళంచెవులూ ఒక గుత్తిగా కట్టి ఇవ్వబోతే సామాను గది చెవి ఎక్కడా దొరకలేదు. బజారుకెళ్లి కొత్త తాళం తెచ్చి ఆ గదికి వేశాను. దాన్నీ జాబితా చివర చేర్చి, రెండు పేజీల మీదా ఇద్దరం సంతకాలు పెట్టాం.