ముందు ఒక గది, తర్వాత ఇల్లు



ఈ వారం వ్యాస సాధనకు నేను తీసుకున్న అంశం "అందరికీ ఇల్లు". జనరల్ స్టడీస్ రెండో పేపర్లో సంక్షేమ పథకాల కింద మనందరం చదివేదే. అయితే ఈసారి నోట్సుతో మొదలుపెట్టను. ఇంటి నుంచి వచ్చిన ఒక ఫోన్‌తో మొదలుపెడతాను.

నాది యానాం. రెండేళ్లుగా పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో, మణికూండుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మేడ మీద రేకుల గదిలో అద్దెకుండి చదువుకుంటున్నాను. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతం, మధ్యలో మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. గత నెల నాన్న ఫోన్ చేసి, "ఏరా, ఆరు లక్షలు చేతిలో ఉన్నాయి. ఢిల్లీ కోచింగ్‌కి వెళ్తానంటే పంపిస్తాను. లేదంటే పాత గది పడగొట్టి, ఇంకో ఆరు లోను తెచ్చి పెద్దిల్లు మొదలెట్టేస్తాను. ఏదో ఒకటి చెప్పు" అన్నారు. నాకు ఇంకా రెండు అటెంప్టులున్నాయి. నాన్నకు 58 ఏళ్లు. ఆ లోను చివరికి ఎవరి మీద పడుతుందో ఇద్దరికీ తెలుసు.

ఆ పాత గది కథ మీకు చెప్పాలి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో కోనసీమ, యానాం ప్రాంతాల కొబ్బరి తోటలు నేలకూలాయి. మా తాటాకు పాకా పోయింది. మరుసటి ఏడాది నాన్న మూడు సెంట్ల స్థలంలో ఒక మూలకు, 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో ఒక్క శ్లాబు గది కట్టారు. చేతిలో డబ్బు అంతకే వచ్చింది. కానీ బేస్‌మెంట్ మాత్రం నడుమెత్తు లేపారు. గది కంటే మెట్లే ఎక్కువున్నాయని ఊళ్లో నవ్వారట. నాలుగు మూలలా పిల్లర్లు పోసి, "రేపు పైన వేసుకుందాం" అని ఊచలు పైకి వదిలేశారు.

2009లో వెనకాల వంటగది, దాన్నానుకుని ఇంకో గది కలిపారు. ఈసారి తొందర పడ్డారు. పిల్లర్లు లేవు, నేల కూడా వీధి మట్టానికే. 2022 జూలైలో గోదావరి వరద యానాంలోకి వచ్చినప్పుడు ఆ వంటగదిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పాత గదిలోకి చుక్క రాలేదు. గ్యాస్ బండ, బియ్యం డ్రమ్ము, నానమ్మ, మేమందరం మూడు రోజులు ఆ 120 చదరపు అడుగుల్లోనే ఉన్నాం. ఇప్పుడు నాన్న పడగొడదామంటున్నది ఆ గదినే.

ఫోన్ పెట్టేశాక కిందికి దిగి మా ఓనరు తాతగారితో ఈ సంగతి చెప్పాను. ఆయన ఇల్లు నాలుగు విడతల్లో లేచింది. నేనుంటున్న గదే నాలుగో విడత. "మొదటి గది స్థలం మధ్యలో కట్టాను. నా జీవితంలో పెద్ద తప్పు అదే" అన్నారు తమిళంలో. నిజమే, ఆ ఇంట్లో ఎటు వెళ్లాలన్నా ఆ గది చుట్టూ తిరిగే వెళ్లాలి. కానీ మెట్లు మాత్రం బయటి నుంచి పెట్టారు. అందుకే కింద తాము ఉంటూ పైన అద్దెకివ్వగలిగారు. రెండో విడత అద్దె మూడో విడతకు, మూడో విడత అద్దె నా గదికి పెట్టుబడి అయింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ముత్తియాల్‌పేటకు ఉత్తరాన ఆరోవిల్ ఉంది. 1968లో అది మొదలైన తొలి రోజుల్లో అక్కడికి వచ్చినవాళ్లు ఆకుల కప్పు గుడిసెల్లో ఉంటూ చెట్లు నాటారు, పక్కా ఇళ్లు తర్వాత వచ్చాయి. గుడిసెను ఎక్కడ వేసినా ఇబ్బంది లేదు, రేపు విప్పేయొచ్చు. సిమెంటు గది అలా కాదు. అది పోయేది కాదు కాబట్టి, రేపటి ఇంట్లో దాని చోటు ఈరోజే తేలాలి.

ఈ ఆలోచనకు మన దేశంలో మంచి ఉదాహరణ ఇండోర్‌లోని అరణ్య. వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి రూపకల్పన, 1989లో పూర్తయింది, 1995లో ఆగాఖాన్ పురస్కారం అందుకుంది. అక్కడ అతి పేద కుటుంబానికి సుమారు 35 చదరపు మీటర్ల స్థలం, దాంతోపాటు నీరు, డ్రైనేజీ, మరుగుదొడ్డి ఇచ్చారు. మిగతా ఇల్లు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు పెంచుకున్నారు. చిలీ దేశంలోని ఇకీకేలో అలెహాండ్రో అరవేనా బృందం సుమారు 100 కుటుంబాలకు సగం ఇళ్లే కట్టింది. ఏ సగం అన్నదే అసలు ప్రశ్న. కుటుంబం సొంతంగా కట్టుకోవడం కష్టమైన సగం, అంటే పునాది, ప్రధాన నిర్మాణం, మెట్లు, వంటగది, స్నానాల గది. సులువైన సగం వాళ్లకే వదిలేశారు.

మన పథకాల్లోనూ దీనికి చోటుంది. 2015 జూన్ 25న ప్రారంభమైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, లబ్ధిదారు తానే కట్టుకునే విభాగం కింద కేంద్రం లక్షన్నర సాయం ఇచ్చింది. కొత్త ఇంటికే కాదు, ఉన్న ఇంటికి కనీసం 9 చదరపు మీటర్ల పక్కా గది కలుపుకోవడానికి కూడా. అంటే సుమారు 97 చదరపు అడుగులు. మా నాన్న తొలి గది దానికంటే కొంచెం పెద్దది.

అయితే వ్యాసంలో రెండో వైపు కూడా రాయాలి. ఒక్క గదిలో ఐదుగురం పన్నెండేళ్లు ఉన్నాం. అక్క పదో తరగతి మెట్ల మీద కూర్చుని చదివింది. విడతలుగా కడితే మేస్త్రి కూలీ, ఇసుక ధర ప్రతిసారీ పెరుగుతాయి. "తర్వాత పెంచుకుంటారులే" అని ప్రభుత్వం తక్కువ ఇచ్చి చేతులు దులుపుకునే ప్రమాదమూ ఉంది. చిన్నగా మొదలుపెట్టడం వేరు, చిన్నగానే వదిలేయడం వేరు. ఆ తేడా తేలేది మొదటి విడతలోనే. పునాది పై అంతస్తును మోస్తుందా, నేల వరద మట్టానికి పైన ఉందా, మెట్లకూ డ్రైనేజీకీ చోటు వదిలారా? ఇంజినీరు బిల్లు మంజూరు చేసే ముందు ఈ మూడూ చూడాలని నేనైతే నా సమాధానంలో రాస్తాను.

నాన్నకు చెప్పింది కూడా ఇదే. పడగొట్టొద్దు, ముందు పిల్లర్ల పక్కన తవ్వించి చూడమన్నాను. తెలిసిన ఇంజినీరు వచ్చి చూశారు. పునాది బాగానే ఉందట. ఉప్పుగాలికి ఊచలు మాత్రం తుప్పు పట్టాయి. మంచి ఇనుము తగిలేదాకా పిల్లరు తలలు కొట్టి, కొత్త ఊచలు కలపాలన్నారు. బయటి మెట్లు, పాత గది మీద ఒక గది, లోను లేకుండా ఆరు లక్షల్లో అయిపోతాయని లెక్క వేశారు. వంటగది నేల ఎత్తడం తర్వాతి విడత.

ఢిల్లీ మానుకున్నాను. కోచింగ్ లేకుండా ఇంకో అటెంప్టు రాయడమంటే భయంగానే ఉంది. అది తప్పో ఒప్పో వచ్చే ఏడాది తెలుస్తుంది.

నిన్న నాన్న మళ్లీ ఫోన్ చేశారు. పైగది పిల్లర్లకు కూడా ఊచలు వదలాలా అని అడిగారు. వదలమన్నాను, ఈసారి సిమెంటు పూసి కప్పి ఉంచమన్నాను.