మాట్లాడుతూ పరుగెత్తండి

యాభై దాటిన మనిషి, పైగా డాక్టరు, తెల్లవారుజామున బూట్లు తొడుక్కుని ఊరి బయట పరుగెత్తుతూ కనబడితే పల్లెలో జనం ఏమనుకుంటారో మీరు ఊహించగలరు. బ్రహ్మంగారిమఠంలో నేను పరుగు మొదలుపెట్టిన మొదటిరోజు, మోటారుసైకిలుకు పాలక్యాన్లు తగిలించుకుని వస్తున్న ఒకాయన బండి ఆపి, నా వెనక్కి తొంగిచూసి, "ఏంది సార్, ఎవురన్నా తరుముకుంటాండారా?" అని అడిగాడు. రెండోరోజు కొట్టం ముందు కూర్చున్న ముసలాయన పక్కనున్న మనిషితో, "డాక్టర్లు గూడా రోడ్డున పడి ఉరికే కాలమొచ్చాదని బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడులే" అన్నాడు. ఈ ఊళ్ళో ఏ వింత జరిగినా దానికి కాలజ్ఞానంలో ఒక చోటు దొరుకుతుంది. అలా నాకూ దొరికింది.

నిజానికి నన్ను తరుముతున్నది ఉండనే ఉంది. పరగడుపున రక్తంలో చక్కెర 148 అని కాగితం మీద చూసుకున్న రోజు, పాతికేళ్ళుగా రోగులకు చెబుతూ వచ్చిన మాటలన్నీ నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది. చెప్పడం ఎంత సులువో, వినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

పల్లెలో ఉన్నవాళ్ళకు వ్యాయామం ఎందుకని మీరు అడగవచ్చు. నన్ను చాలామంది రైతులు అడిగారు. పొద్దస్తమానం కష్టం చేసేవాళ్ళం, మాకు వేరే పరుగులెందుకు సార్ అంటారు. పదిహేను, ఇరవై ఏళ్ళ క్రితం అయితే నేనూ అవుననేవాణ్ణే. ఇప్పుడు పొలానికి మోటారుసైకిలు మీద పోతున్నాం. దున్నడానికి ట్రాక్టరుంది. అర్ధరాత్రి కరెంటు వస్తే లాంతరు పట్టుకుని బోరు దగ్గరికి నడిచిన మనిషి, ఇప్పుడు మంచం మీదనుంచే సెల్‌ఫోను నొక్కి మోటారు ఆడిస్తున్నాడు. అన్నం మాత్రం అదే కంచం, అదే కుప్ప. లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ఒక సంగతి బయటపెట్టాడు. రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చిందట. మన రైతు కూడా మెల్లగా కండక్టరు పని వదిలి డ్రైవరు సీట్లోకి జరుగుతున్నాడు.

ఇక బాటల సంగతి. మఠం ఊరి అసలు పేరు కందిమల్లాయపల్లె. ఊరు దాటగానే పొలాలు, దూరాన కొండల వరుస, మధ్యలో చిన్నచిన్న పల్లెలు. మైదుకూరు వైపు పోయే తారురోడ్డు చదునుగా ఉంటుంది గాని మోకాళ్ళకు గట్టిది, వాహనాలూ ఎక్కువే. తప్పనిసరైతే తెల్లటి చొక్కా వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కంటికి కనబడేలా రోడ్డుకు కుడిపక్కన పోవాలి. వైశాఖ శుద్ధ దశమికి స్వామివారి ఆరాధన జరిగే రోజుల్లో ఆ రోడ్డు యాత్రికులది. మనం దాని జోలికి పోరాదు.

నాకు ఇష్టమైనది బ్రహ్మంసాగర్ వైపు పోయే మట్టిబాట. 1983లో మొదలైన తెలుగుగంగ పథకంలో కట్టిన జలాశయం ఇది. వెలుగోడు మీదుగా కృష్ణానీళ్ళు ఇక్కడికి వస్తాయి. కట్ట మీదికి ఎక్కనిచ్చేదీ లేనిదీ ఇరిగేషన్ వారి ఇష్టం. మనకు కింది బాట చాలు. మట్టి మెత్తగా పాదాన్ని పట్టుకుంటుంది. నీటి మీదుగా చల్లగాలి వస్తుంది, తలెత్తితే కొంగలు. పొలాల మధ్య బండిబాటలు ఇంకా మెత్తన, కాని పల్లేరుకాయలూ తుమ్మముళ్ళూ పలచటి బూటు అడుగును దాటి వస్తాయి. చక్కెరజబ్బుతో పాదాలు తిమ్మిరెక్కినవాళ్ళు ఆ బాటలో పోకపోవడమే మేలు. ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి చీము పడుతుంది. ఇంటికి రాగానే బూట్లు దులిపి, అరికాళ్ళు అద్దంలోనైనా చూసుకోవాలి. చీకటి ఇంకా ఉంటే టార్చిలైటు తప్పదు. కట్లపాము, రక్తపింజరి మనకంటే ముందే నిద్రలేచి ఉంటాయి.

ఎంత వేగంగా పరుగెత్తాలి? ఇది అందరూ అడిగే ప్రశ్న. చేతికి గడియారం అక్కర్లేదు. పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా రెండు మూడు వాక్యాలు మాట్లాడగలిగితే మీ వేగం సరైనది. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకోవలసి వస్తే తగ్గించండి. మొదటి వారాల్లో అయిదు నిమిషాలు నడక, ఒక నిమిషం మెల్లని పరుగు, మళ్ళీ రెండు నిమిషాలు నడక, ఇలా మార్చిమార్చి అరగంట. రెండు మూడు నెలలకు పరుగు పెరిగి నడక తగ్గుతుంది. తగ్గకపోయినా నష్టం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాల చురుకైన నడక గాని, 75 నిమిషాల పరుగు వంటి కష్టమైన వ్యాయామం గాని చాలంటుంది. ఎండాకాలంలో ఆరున్నరకల్లా ఇల్లు చేరండి. కడప ఎండతో పంతాలు వద్దు.

ఇంతవరకు చెప్పినవన్నీ తేలిక మాటలు. అసలు చెప్పవలసింది నా తప్పు గురించి.

నెల తిరక్కుండా నాకొక తోడు దొరికాడు. నా ఈడు రైతు. ఆయనకూ చక్కెర ఉంది, బీడీలు మానేసి రెండేళ్ళయింది. నన్ను చూసి, "మీరు పోతాండారంటే మంచిదే అయ్యుంటాది సార్" అంటూ బూట్లు కొనుక్కుని వచ్చాడు. కట్ట దగ్గర చిన్న ఎగువ ఉంది. అక్కడికి రాగానే ఆయన నిలబడి రొమ్ము రుద్దుకునేవాడు. "రాత్రి సంకటి ఎక్కువైనట్టుండాది సార్, మంటగా ఉంది" అనేవాడు. నిమిషం నిలబడితే తగ్గేది. ఇద్దరం నవ్వుకుని ముందుకు పోయేవాళ్ళం. ఇలా మూడు రోజులు. ఆసుపత్రిలో ఇదే మాట ఎవరైనా చెబితే కుర్చీలోంచి లేవనిచ్చేవాణ్ణి కాదు. తోటిమనిషి దొరికాడన్న సంతోషంలో నాలోని డాక్టరును ఇంట్లో వదిలి వెళ్ళాను.

నాలుగోరోజు ఎడమ దవడ లాగుతోందన్నాడు. అప్పుడు నా ఒళ్ళు చల్లబడింది. ఆయన్ను అక్కడే కూర్చోబెట్టి బండి తెప్పించాను. ఇ.సి.జి. తీస్తే ఏ లోపమూ కనబడలేదు. "చూసినారా సార్, గ్యాసే" అని ఆయన లేచాడు. ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండె రక్తనాళాలు బాగున్నట్టు కాదు. నొప్పి లేని సమయంలో అది మామూలుగానే ఉండవచ్చు. శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే మంట గాని బిగువు గాని గుండెదేనని ముందు అనుమానించాలి. పెద్దాసుపత్రికి పంపాను. మనిషి లోపల ఏముందో చూద్దామని కక్కయ్య తన భార్య ఒంటిని కోసిన కథ ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు మణికట్టు దగ్గరనుంచి సన్నని గొట్టం పంపించి చూస్తున్నారు. చూశారు. రెండు నాళాలు బాగా మూసుకుపోయి ఉన్నాయి. స్టెంట్లు వేశారు.

అమెరికాలో జిమ్ ఫిక్స్ అనే ఆయన 1977లో పరుగు గురించి రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. జాగింగ్ అన్న మాట ఇంటింటికీ చేరడానికి కారకుల్లో ఆయనొకరు. 1984లో వెర్మాంట్ రాష్ట్రంలో పల్లెరోడ్డు మీద పరుగెత్తుతూనే గుండెపోటుతో పోయాడు. వయసు 52. ఆయన తండ్రి 43 ఏళ్ళకే గుండెజబ్బుతో చనిపోయాడు. పరుగు ఆయన్ను చంపిందని నేననను. నాళాల్లో పేరుకున్న కొవ్వు చంపింది. పరుగెత్తేవాడికి అది రాదన్న నమ్మకం మాత్రం పనికిరాదు.

కాబట్టి నలభై దాటినవాళ్ళు, అందులోనూ చక్కెర, రక్తపోటు, పొగాకు, ఇంట్లో చిన్నవయసులో గుండెజబ్బుతో పోయినవాళ్ళు ఉన్నవాళ్ళు, బూట్లు కొనేముందు డాక్టరును కలవండి. ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో వద్దో ఆయన చెబుతాడు. గొంతునుంచి బొడ్డుదాకా ఎక్కడైనా శ్రమకు మంట, బరువు, బిగువు వచ్చినా, దవడకో చేతికో పాకినా ఆగిపోండి. తగ్గినా సరే ఆ రోజే చూపించుకోండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చెయ్యండి. సోడా తాగి చూద్దామనుకోకండి.

ఇన్సులిన్ గాని గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవాళ్ళకు ఇంకొక్క మాట. చక్కెర 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని బయలుదేరండి. జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకోండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే ఇంటికి పోయి తిందామనుకోక అక్కడే నోట్లో వేసుకోవాలి. ఊరకుక్క మొరిగితే పరుగు ఆపి నిలబడండి. పరుగెత్తేవాణ్ణి చూస్తే దానికి ఉత్సాహం ఎక్కువ. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బూ ధారనీళ్ళతో కడిగి, ఆనాడే ఇంజక్షను వేయించుకోవాలి. పసుపూ కారమూ పూయవద్దు.

నా రైతు మిత్రుడు ఇప్పుడు మళ్ళీ వస్తున్నాడు. ముందు వీధి చివరిదాకా, తర్వాత కల్వర్టుదాకా, పెద్దాసుపత్రి వారు సరేనన్నాక కట్ట దాకా. పరుగు కాదు, నడకే. మాత్రలు ఒక్కరోజు కూడా మానడం లేదు, ఆ సంగతి వాళ్ళావిడ నాకు చెబుతూనే ఉంటుంది. ఒక్కోసారి నేను మాట మరిచి రెండడుగులు ముందుకు పోతాను. వెనకనుంచి కేక వేస్తాడు: "సార్, మాట్లాడుకుంటా పోదాం!"