సంఘారామం నుంచి శంకరం దాకా

2025 జనవరి 12, ఆదివారం

తెల్లవారుజామున అనకాపల్లిలో రైలు దిగాను. మంచు బాగా కురుస్తోంది. గవరపాలెంలో అన్నయ్య ఇంటికి చేరేసరికి వదిన పొయ్యి మీద అరిసెల పాకం పెట్టి ఉంది. ఆ వాసనకే ప్రయాణం బడలిక సగం తీరింది. హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా అరిసెలు కొనుక్కుని తింటున్నాను కానీ పాకం వాసన మాత్రం ఈ ఇంట్లోనే దొరుకుతుంది.

సాయంత్రం అన్నయ్యతో శారదా నది ఒడ్డుకు వెళ్లాను. నీళ్లు పాయగా పారుతున్నాయి. ఎగువన రైవాడ జలాశయం నీటిలో కొంత భాగం విశాఖ నగరానికి తాగునీరుగా పోతుంది. ఆ నీరు తమ పొలాలకే ఇవ్వాలని రైతులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. నగరం దాహం కాదనలేనిదే. కానీ చెరకు ఏడాది పంట, దానికీ దాహం ఉంటుంది. ఈ విషయంలో నేను రైతు పక్షమే.

2025 జనవరి 15, బుధవారం. కనుమ

పొద్దున్నే మనవరాలిని వెంటబెట్టుకుని బొజ్జన్నకొండకు వెళ్లాను. ఊరికి మూడు కిలోమీటర్లు, శంకరం పక్కన. కనుమనాడు ఇక్కడ తీర్థం. మా చిన్నప్పుడు పిల్లలం జేబుల నిండా రాళ్లు నింపుకుని వచ్చేవాళ్లం. కొండ మీద పెద్ద పొట్టతో ఉన్న శిల్పాన్ని చూపించి, వాడు రాక్షసుడు, కనుమనాడు కొట్టాలి అని పెద్దవాళ్లు చెప్పేవారు. నేనూ రువ్వాను. తగిలితే కేకలు కూడా వేశాను. చరిత్ర తెలిసినవాళ్లు పూనుకోబట్టి ఆ ఆచారం కొన్నేళ్ల కిందట ఆగింది. ఎవరు ఆపారో వాళ్లకు దణ్ణం.

రాతిమెట్లు ఎక్కుతుంటే పిల్ల అడిగింది: "తాతయ్యా, శంకరం అంటే శివుడి ఊరా?"

కాదమ్మా, సంఘారామం అన్నాను. బౌద్ధ భిక్షువులు కలిసి బతికిన చోటు. భిక్షువులు వెళ్లిపోయారు, గోడలు కూలాయి, ఇటుకలు మట్టిలో కలిశాయి. పేరు మాత్రం జనం నోట్లో అరిగి అరిగి శంకరమైంది. బుద్ధుడి కొండే బొజ్జన్నకొండ అయిందంటారు. పడమటి కొండ మీద రాతిలోనే తొలిచిన స్తూపాలు వరసలు వరసలుగా ఉంటే, చూసినవాళ్లు శివలింగాలనుకుని లింగాలకొండ అన్నారు. ఇన్ని శతాబ్దాలుగా అర్థం తెలియకుండానే ఈ ఊరి జనం ఆ పేర్లను మోసుకొచ్చారు. మా అమ్మ సంతకం పెట్టడం కూడా రాని మనిషి. ఆమె నోట రోజూ పలికిన మాటలో సంఘారామం ఉందని తెలిసిన రోజు నాకు కంట నీరు తిరిగింది.

పెద్ద స్తూపం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. కింది భాగం కొండనే చెక్కి తీర్చారు, పైన ఇటుకలతో కట్టారు. రెండంతస్తుల గుహలో ద్వారపాలకులు, ధ్యానంలో బుద్ధుడు. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. శాతవాహనుల సీసపు నాణెం, సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. శాతవాహనుల నాటి నుంచి ఏడో శతాబ్దం చాళుక్యుల దాకా ఎన్ని తరాల చేతులు మారిన డబ్బు! ఈ గుట్ట మీదికి ఏ వ్యాపారి తెచ్చాడో, ఏ భిక్షువు దాచాడో. హీనయానం, మహాయానం, వజ్రయానం మూడూ ఇక్కడ వెలిగాయి. మా బళ్లో ఏడో తరగతి చరిత్రలో నలందా ఉంది, సాంచీ ఉంది, మూడు కిలోమీటర్ల దూరంలోని శంకరం లేదు.

దిగేటప్పుడు మనవరాలు కింద పడివున్న చిన్న రాయి తీసి జాగ్రత్తగా పక్కన పెట్టింది. ఎందుకని అడగలేదు.

2025 జనవరి 17, శుక్రవారం

మునగపాక వైపు వెళ్లి ఒక గానుగ దగ్గర ఆగాను. పెనంలో రసం తెర్లుతోంది. పొయ్యిలోకి చెరకు పిప్పే వేస్తున్నారు. రసంలో సున్నం కలుపుతారు, మురికి తెట్టెలా పైకి తేలితే గరిటెతో తీసేస్తారు. పాకం ముదిరిందో లేదో చూడ్డానికి ఆ పెద్దాయన ఒక చుక్క నీళ్లలో వేసి వేళ్లతో నలిపాడు. టన్ను చెరకుకు క్వింటాలు బెల్లం వస్తే గొప్ప.

పక్కన ఒక డబ్బా కనిపించింది. అదేంటని అడిగితే హైడ్రోస్ అన్నాడు. బెల్లాన్ని తెల్లబరిచే రసాయనం.

"ఎందుకండీ అది?" అన్నాను.

"బాబూ, తెల్లగుంటేనే రేటండి. ఎర్రబెల్లం తీసికెల్తే మొకం సూడరు. జనం నాలికతోటి కాదండి, కల్లతోటి కొంతన్నారు."

ఆయనను తప్పుపట్టలేను. కొనేవాళ్లం మనమే. హాపూర్ తర్వాత దేశంలో రెండో పెద్ద బెల్లం మార్కెట్ మా ఊరిదని గర్వంగా చెప్పుకుంటాం, ఆ మార్కెట్‌కు వచ్చే దిమ్మ రంగును నిర్ణయించేది మాత్రం దూరాన ఉన్న కొనుగోలుదారు కన్ను. అడిగితే నా కోసం హైడ్రోస్ లేకుండా ఒక చిన్న దిమ్మ పోయించి ఇచ్చాడు. ముదురు ఎరుపు, కాస్త ఉప్పదనం, వెనక చెరకు రుచి. చిన్నప్పటి బెల్లం ఇదే.

వచ్చే దారిలో చెరకు తోటల మధ్య ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి.

2025 జనవరి 18, శనివారం

పరిశోధన కేంద్రం రోడ్డులో నడిచాను. 1913 నుంచి ఇక్కడ చెరకు మీద పని జరుగుతోంది. ఇక్కడ పుట్టిన రకాల్లో ఒకటి 93ఏ145. ఆ 'ఏ' అనకాపల్లిదే. రైతులకు సులువుగా ఉండాలని దానికి పెట్టిన పేరు శారద. ఏటి పేరు పంటకు పెట్టినవాళ్ల మీద గౌరవం కలిగింది.

2025 మార్చి 29, శనివారం. కొత్త అమావాస్య

నూకాలమ్మ కోసం మళ్లీ వచ్చాను. గుడి దారి పొడుగునా జనం. పసుపు నీళ్లు, వేపాకులు, డప్పులు. కాకర్లపూడి అప్పలరాజు పాయకరావు ఇలవేల్పుగా నిలిపిన కాకతాంబే ఈ తల్లి అని పెద్దల మాట. మా తరగతిలో ముగ్గురు నూకరాజులు, ఒక నూకయ్య, ఒక నూకరత్నం ఉండేవారు. ఇప్పుడు మా వీధిలో ఒక్క పిల్లాడికీ ఆ పేరు లేదు. సంఘారామాన్ని శంకరంగా నిలబెట్టుకున్న ఊరు తన తల్లి పేరును పిల్లలకు పెట్టడం మానుకోకూడదు. అన్నయ్యతో అదే అన్నాను. ఆయన మాట్లాడలేదు.

రేపు ఉగాది. పచ్చడిలోకి బెల్లం మునగపాక నుంచి తెచ్చిన దిమ్మలోదే. రెండు నెలలకు ఇంకా నల్లబడింది. వదిన కొట్టి గిన్నెలో పెట్టింది.