కుండ పక్కన గోడ

1986 వేసవిలో రాజమండ్రిలో డ్రాయింగ్ హయ్యర్ గ్రేడు పరీక్షకి కట్టాను. అప్పటికి నా చేతిలో ఒకే ఒక్క విద్య ఉండేది. 6బి పెన్సిల్ పొడిని దూదితో రుద్ది బొమ్మని నున్నగా, పొగపట్టినట్టు చెయ్యడం. ఇంట్లో అందరూ ఫొటోలా ఉందనేవారు. అమ్మ పక్కింటావిడని పిలిచి మరీ చూపించేది.

ఆ ధీమాతోనే మట్టికుండ బొమ్మ ఒకటి వేసి మా డ్రాయింగు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశారు.

"ఏవిట్రా ఇది, అంట్లు తోమిన పీచుతో వేశావా?"

నేను మాట్లాడలేదు.

"కుండ అని తెలుస్తోంది. గుండ్రంగా ఉందని తెలీడం లేదు. రుద్దడం మానెయ్. గీతలతో నీడ వేసినవాణ్ణి ఎవణ్ణయినా వెతుక్కో. ఒక్కణ్ణే పట్టుకో. ఆర్నెల్లు వదలకు."

ఎవరినో చెప్పమంటే, నా గురువులు నీకు సరిపోరు పొమ్మన్నారు. పరీక్ష మాత్రం ఆ యేడు దూదితోనే గట్టెక్కాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

మొదట బాపు దగ్గరికి వెళ్లాను. ఆ రోజుల్లో బొమ్మలు వేసే కుర్రాడు ఇంకెక్కడికి వెళ్తాడు? వారపత్రికల్లోంచి కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుని, నెల్లాళ్లు చూసి చూసి వేశాను. తీరా తేలిందేమిటంటే, ఆయనకి నీడతో పనే లేదు. జడ ఒక నల్లటి ముద్ద, నడుం దగ్గర ఒక్క వంపు, అంతే, మనిషి తిరిగి నిలబడుతుంది. నీడ నేర్చుకుందామని వెళ్లినవాడికి నీడ లేకుండా ఎలా బతకాలో చూపించి పంపించేశారు. తరవాత వడ్డాది పాపయ్యగారి చందమామ అట్టలు ముందేసుకున్నాను. ఆ ఒంటి రంగుల్లో ఎర్ర ఎక్కడ మొదలై ఊదా ఎక్కడ కలుస్తుందో చూడగలిగాను గానీ నా నల్ల పెన్సిల్‌కి అది అందే పని కాదు.

మా అటక మీద ట్రంకుపెట్టెలో పాత చందమామలున్నాయి. వాటిలో బేతాళకథల బొమ్మలు శంకర్‌వి. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. చిన్నప్పటి నుంచీ భయపడుతూ చూసిన బొమ్మే. ఈసారి భూతద్దం పెట్టి చూశాను. ఆయన అసలు పేరు కె.సి. శివశంకరన్ అనీ, మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నారనీ చాలా ఏళ్లకి గానీ తెలీలేదు.

ఇండియన్ ఇంకు సీసా, సన్న నిబ్బు కొనుక్కుని కూర్చున్నాను. ట్రేసింగు కాగితం వేసి దిద్దినంతకాలం ఏమీ ఒంటబట్టలేదు. పుస్తకం మూసేసి జ్ఞాపకం మీద వేసినప్పుడు నా తప్పులు బయటపడ్డాయి. నా గీతలన్నీ వాన కురిసినట్టు ఒకే వాలులో ఉండేవి. చెట్టు మాను మీద గీత మాను చుట్టూ తిరగాలి, తొడ మీద గీత తొడ వంపుతో పోవాలి. ఇంకోటి, మొదటి వరస మీద రెండో వరసని నిటారుగా అడ్డం గీస్తే అది నీడ కాదు, చేపల వల. కొంచెం ఏటవాలుగా దాటించాలి. ఇంత చిన్న విషయానికి నాకు మూడు నెలలు పట్టింది.

మధ్యలో మాట తప్పాను. మాకు తెలిసిన లెక్చరరు గారింట్లో గుస్తావ్ డోరే బొమ్మలున్న డాన్ క్విక్సోట్ పుస్తకం కనబడింది. ఆ ఆకాశాలూ ఆ చీకటి గదులూ చూశాక శంకర్‌ని వదిలేశాను. రెండు వారాలు తంటాలు పడ్డా ఒక్క మబ్బు కూడా కుదర్లేదు. కుదరకపోవడానికి కారణం ఎప్పటికో తెలిసింది. ఆ గీతలు డోరేవి కావు. ఆయన చెక్క దిమ్మ మీద బొమ్మ వేసి ఇస్తే, పిసాన్ అనే ఆయన ఉలితో చెక్కాడు. బొమ్మ మూలన ఆయన సంతకమూ ఉంది, నేనే చూళ్లేదు. ఆ పనిలో చెక్కేది తెలుపుని. చెక్కగా మిగిలింది నలుపు. నేనేమో నలుపుని పోగేస్తూ కూర్చున్నాను!

రెండేళ్ల తరవాత హైదరాబాదులో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద, అట్ట ఊడిన రెంబ్రాంట్ పుస్తకం దొరికింది. అడిగినదానికి సగం ఇచ్చి, బస్సు డబ్బులు మిగలక నడిచి వెళ్లాను. అందులో నూరు గిల్డర్ల బొమ్మ అని పేరుపడ్డ ఎచింగు ఉంది. కుడివైపు రోగులు చిక్కటి చీకట్లోంచి పాక్కుంటూ వస్తుంటారు. ఎడమవైపు మనుషులకి ఒట్టి గీత, లోపలంతా కాగితమే. సగంలో ఆపేశాడేమో అనిపించింది. అరచేత్తో కుడివైపు మూసి చూశాను. ఎడమవైపు వెలుగు పోయింది. చెయ్యి తీశాను, వచ్చింది. ఆ ఫుట్‌పాత్ మీద ఎన్నిసార్లు మూసి తీశానో, పుస్తకాలాయన విసుక్కున్నాడు.

సెలవులకి ఇంటికొచ్చి మళ్లీ ఆ కుండనే కిటికీ దగ్గర పెట్టాను. అంచు అన్నిటికన్నా నల్లగా ఉంటుందని అప్పటిదాకా నా నమ్మకం. ఉండదు. అసలు నలుపు అంచుకి కాస్త లోపలే ఆగిపోతుంది. అంచున పల్చటి వెలుగు. పక్కన సున్నం కొట్టిన గోడ ఉంది, వెలుగు దాని మీద పడి కుండకి తగులుతోంది. గోడకీ కుండకీ మధ్య తమ్ముడి పలక నిలబెట్టాను. అంచు నల్లబడింది. పలక తీసి తువ్వాలు ఆరేస్తే ఇంకా తెల్లబడింది. అమ్మ ఈ ఆట చూసి అన్నం చల్లారిపోతోందని కేకలేసింది.

2బి పెన్సిలు ఒక్కటే తీసుకున్నాను. దూది ముట్టుకోలేదు. కుండ చుట్టూ గీతలు తిప్పి, అంచు దగ్గర కాగితాన్ని అలాగే వదిలేశాను. గోడ వెయ్యలేదు.

మాస్టారు రిటైరై ఉన్నారు. కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి వెళ్లింది.

"ఎవణ్ణి పట్టుకున్నావ్?"

"శంకర్ గారినండి. మధ్యలో డోరే, రెంబ్రాంటూ..."

"ఒక్కణ్ణే అన్నాను."

"అవునండి."

బొమ్మని వెలుగులోకి తిప్పారు. "కుండకి ఇటుపక్క సున్నం గోడ ఉందా?"

"ఉందండి."

"కనబడుతోంది" అని కాగితం నా చేతికిచ్చి, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.